కరెంటు ఒకటే, ఒప్పందాలు వేరు: వ్యాపార సంస్థలు విద్యుత్ సరఫరాదారును ఎంచుకునే తీరు

పక్కపక్కనే ఉన్న రెండు వ్యాపార సంస్థలకు ఒకే స్తంభం మీది తీగల నుంచి కరెంటు అందుతుంది. అయినా ఆ రెండూ ఇద్దరు వేర్వేరు సరఫరాదారులకు, వేర్వేరు ధరల్లో, వేర్వేరు షరతుల మీద బిల్లు కడుతుంటాయి. విద్యుత్ అమ్మకాల్లో పోటీకి తలుపులు తెరిచిన ప్రాంతాల్లో ఇది మామూలు సంగతే. తీగ ఒకటే, సబ్‌స్టేషన్ ఒకటే, అందులో పారే విద్యుత్తూ ఒకటే అయినప్పుడు ఆ రెండు సంస్థలూ ఇంతకీ కొనుక్కున్నదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా యూనిట్ ధరల పట్టిక ముందు కూర్చున్నవారు చాలావరకు తప్పు వరుసనే ఎంచుకుంటారు. నా లెక్కలో ఆ సంస్థలు కొన్నది, మార్కెట్లో ధరలు ఎగిసినప్పుడు ఆ భారం ఎవరి నెత్తిన పడాలన్న ఒక ఒప్పందం. విద్యుత్తు దానితోపాటు ఎలాగూ వస్తుంది.

ఒకప్పుడు ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ, అమ్మకం అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉండేవి. వాటిని విడగొట్టి పోటీకి చోటిచ్చిన తొలి దేశాల్లో చిలీ ఒకటి. అక్కడ 1982లో వచ్చిన చట్టం ఇందుకు దారి వేసింది. బ్రిటన్‌లో 1989 నాటి విద్యుత్ చట్టం తర్వాత, 1990లో 1 మెగావాట్‌కు మించి డిమాండ్ ఉన్న వినియోగదారులకు, 1994లో 100 కిలోవాట్లు దాటినవారికి, 1999 నాటికి అందరికీ సరఫరాదారును ఎంచుకునే స్వేచ్ఛ దక్కింది. అమెరికాలో ఈ నిర్ణయం రాష్ట్రాలది. టెక్సస్ 1999లో చట్టం చేసి 2002 జనవరి 1 నుంచి చిల్లర అమ్మకాల్లో పోటీని ప్రారంభించింది. అయినా ఆ రాష్ట్రంలోనే ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల్లో నేటికీ నగర యాజమాన్యంలోని సంస్థ దగ్గరే కొనాలి. కాలిఫోర్నియా 1998లో మార్కెట్‌ను తెరిచి, 2000-01 విద్యుత్ సంక్షోభంలో చేతులు కాల్చుకుని, 2001 సెప్టెంబరులో కొత్తవారికి ఆ వెసులుబాటును నిలిపివేసింది. అందుకే ఒక సంస్థకు వేర్వేరు ఊళ్లలో పది శాఖలుంటే, వాటిలో ఎన్ని మీటర్లు పోటీ ఉన్న ప్రాంతంలో ఉన్నాయో తెలుసుకోవడమే మొదటి పని. మిగిలిన మీటర్ల విషయంలో బేరానికి తావే లేదు.

బిల్లును విప్పి చూస్తే

పోటీ వచ్చింది అమ్మకంలో మాత్రమే. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఇప్పటికీ ఒక్కో ప్రాంతంలో ఒక్కో సంస్థ గుత్తాధిపత్యంలోనే ఉంటాయి, వాటి చార్జీలను నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఒకే వీధిలో మూడు వరుసల తీగలు లాగి మూడు సంస్థల చేత పోటీ పడించడం ఎవరికీ గిట్టుబాటు కాదు కాబట్టి ఈ ఏర్పాటు సహేతుకమే. దీని పర్యవసానాన్ని మాత్రం కొనేవారు తరచూ మరిచిపోతారు. గాలివానకు లైను తెగితే బాగుచేసేది ఆ లైన్ల సంస్థే. అది సరఫరాదారు పేరు చూసి ఎవరికీ ముందుగా కరెంటు ఇవ్వదు. "మా దగ్గర తీసుకుంటే సరఫరాలో అంతరాయాలు ఉండవు" అని ఎవరైనా అమ్మకానికి వస్తే, అతనికి తన వ్యాపారం తెలియకపోయి ఉండాలి, లేదా మనకు తెలియదని అనుకుని ఉండాలి.

బిల్లులో మూడు పొరలుంటాయి. మొదటిది వాడిన విద్యుత్తు ధర, రెండోది లైన్ల చార్జీలు, మూడోది పన్నులు, ప్రభుత్వ సుంకాలు. వీటిలో సరఫరాదారును మార్చితే మారేది మొదటి పొర ఒక్కటే. ఒక సంస్థకు నెలకు 10,000 డాలర్ల బిల్లు వస్తోందని, అందులో విద్యుత్తు ధర 5,500 డాలర్లని అనుకుందాం. కొత్త సరఫరాదారు "10 శాతం తగ్గింపు" అంటే 550 డాలర్లు మిగులుతాయి. మొత్తం బిల్లు మీద అది అయిదున్నర శాతమే. తగ్గింపు దేని మీద అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ప్రకటనల్లోని శాతాలు చాలావరకు చిన్నబోతాయి. రెండో పొర కూడా మన చేతిలో బొత్తిగా లేదని కాదు. అది చాలాచోట్ల వాడిన యూనిట్ల మీద కాకుండా గరిష్ఠ డిమాండ్ మీద, అంటే నెలలో ఏదో ఒక పావుగంటలోనో అరగంటలోనో సగటున తీసుకున్న అత్యధిక కిలోవాట్ల మీద పడుతుంది కాబట్టి, పెద్ద మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేసే అలవాటు మానుకుంటే తగ్గుతుంది. అది సంస్థ తనంతట తాను చేసుకోవాల్సిన పొదుపే తప్ప ఏ సరఫరాదారూ తెచ్చి ఇచ్చేది కాదు.

ముందు మన వాడకం మనకు తెలియాలి

ధరలు అడిగే ముందు కనీసం 12 నెలల వాడకం వివరాలు చేతిలో ఉండాలి. నెలవారీ మొత్తాలతో సరిపెట్టుకోకుండా, వీలైతే మీటరు నమోదు చేసిన విరామాలవారీ లెక్కలు తెప్పించుకోవాలి. విద్యుత్తుకు టోకు మార్కెట్లో రోజంతా ఒకే ధర ఉండదు. బ్రిటన్‌లో అరగంటకోసారి, టెక్సస్‌లో 15 నిమిషాలకోసారి, ఆస్ట్రేలియా జాతీయ మార్కెట్లో 2021 అక్టోబరు నుంచి 5 నిమిషాలకోసారి లెక్కలు తేలుస్తారు. ఈ కారణంగానే సరఫరాదారుకు మనం ఎంత వాడుతున్నామన్నదాని కంటే ఎప్పుడు వాడుతున్నామన్నది ముఖ్యం.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. నెలకు 730 గంటలు. ఒక శీతల గిడ్డంగి, ఒక వెల్డింగ్ వర్క్‌షాపు చెరి 73,000 యూనిట్లు వాడాయి, అంటే రెండింటి సగటూ 100 కిలోవాట్లే. రాత్రీ పగలూ ఒకే తీరున నడిచే గిడ్డంగి గరిష్ఠ డిమాండ్ 125 కిలోవాట్లు. ఒక్క షిఫ్టులోనే పని ముగించే వర్క్‌షాపుది 400 కిలోవాట్లు. సగటును గరిష్ఠంతో భాగిస్తే వచ్చేదాన్ని లోడ్ ఫ్యాక్టర్ అంటారు: గిడ్డంగికి 80 శాతం, వర్క్‌షాపుకు 25 శాతం. గిడ్డంగి తీసుకునే యూనిట్లలో చాలా భాగం కరెంటు చవకగా దొరికే రాత్రివేళల్లో ఉంటుంది, పైగా రేపు ఎంత కావాలో ఈ రోజే చెప్పవచ్చు. వర్క్‌షాపు వాడకమంతా ఊరంతా వాడే వేళలోనే ఉంటుంది. ఒకే సరఫరాదారు ఈ ఇద్దరికీ ఒకే రోజున వేర్వేరు ధరలు చెబితే అందులో వివక్ష ఏమీ లేదు. అతను కొనే ధరలే వేరు. పొరుగు సంస్థకు ఎంతకు దొరికిందో కనుక్కుని అదే ధర కావాలని పట్టుబట్టడం ఈ వ్యాపారంలో పెద్దగా పనికిరాదన్నది ఇక్కడే తేలిపోతుంది.

వివరాలు పంపేటప్పుడు రాబోయే మార్పులు కూడా చెప్పాలి. కొత్త యంత్రం రాబోతోందా, పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టబోతున్నామా, ఒక శాఖను మూసేస్తున్నామా అన్నవి దాచిపెట్టి తక్కువ ధర రాబట్టుకున్నామని సంబరపడితే, ఆ సంబరం ఒప్పందంలోని మరో షరతు దగ్గర ఆవిరైపోతుంది. ఆ షరతు గురించి కాసేపట్లో చెబుతాను.

ధర ఎలా కదులుతుంది

ఒప్పందాల పేర్లు సవాలక్ష ఉన్నా, మూలంలో రెండే రకాలు. మొదటిదాంట్లో ఒప్పంద కాలమంతా యూనిట్ ధర మారదు. రెండోదాంట్లో ధర టోకు మార్కెట్‌తోపాటు కదులుతుంది, దాని మీద సరఫరాదారు కొంత రుసుము కలుపుకుంటాడు. ఈ రెండింటినీ కలిపినది మరొకటుంది: రాత్రీ పగలూ తప్పనిసరిగా వాడే లోడుకు స్థిర ధర కట్టించుకుని, దానిపై వచ్చే హెచ్చుతగ్గులను మార్కెట్ ధరకు వదిలేయడం. పెద్ద వినియోగదారులు ఈ మూడో పద్ధతి వైపు ఎక్కువగా మొగ్గుతారు.

మామూలు రోజుల్లో మార్కెట్‌తో కదిలే ధరే సగటున చవక పడవచ్చు, ఎందుకంటే స్థిర ధరలో సరఫరాదారు మోసే ముప్పుకు అతను వసూలు చేసే ప్రతిఫలం కూడా కలిసి ఉంటుంది. అయితే ఆ ప్రతిఫలం ఎందుకు ఇస్తున్నామో 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌కు తెలిసొచ్చింది. మంచు తుపానులో గ్యాస్ సరఫరా, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టి ఆగిపోతే, టోకు ధర అప్పట్లో ఉన్న గరిష్ఠ పరిమితికి, అంటే మెగావాట్ గంటకు 9,000 డాలర్లకు చేరి దాదాపు 4 రోజులు అక్కడే నిలిచింది. యూనిట్‌కు 9 డాలర్లన్న మాట. రోజుకు 500 యూనిట్లు వాడే చిన్న వ్యాపారానికి అది రోజుకు 4,500 డాలర్లు. నెలకు 9.99 డాలర్ల రుసుము మాత్రమే తీసుకుని టోకు ధరను ఉన్నదున్నట్టు వినియోగదారుకు బదిలీ చేసిన గ్రిడీ అనే సంస్థ మరుసటి నెలలోనే దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత అలాంటి పథకాలను గృహ వినియోగదారులకు అమ్మకూడదని టెక్సస్ చట్టం చేసింది. ధర పరిమితిని 5,000 డాలర్లకు తగ్గించింది. గృహాలకు కల్పించిన ఆ రక్షణ పెద్ద వ్యాపారాలకు అదే రూపంలో లేదు. వ్యాపారి తెలిసి సంతకం చేస్తాడన్నది చట్టం పెట్టుకున్న నమ్మకం.

ఎంపికకు ఉన్న గీటురాయి ఒక్కటే: ఒక నెల బిల్లు మూడింతలైతే ఆ సంస్థ తట్టుకోగలదా? ఖర్చులో విద్యుత్తు వాటా రెండు మూడు శాతమే ఉండి, ధర పెరిగిన గంటల్లో యంత్రాలను ఆపగలిగే సంస్థ మార్కెట్ ధరతో ధైర్యంగా ఆడుకోవచ్చు. ఏడాది ముందే సరుకు ధర ఖరారు చేసుకుని, లాభం అంచు మీద నడిచే సంస్థకు ఆ ఆట తగదు.

'స్థిరం' అన్న మాట ఎంతవరకు స్థిరం

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూడాలి. యూనిట్ ధర అని మనం ఒక్క అంకె చూస్తాం గాని, అందులో అసలు విద్యుత్తు, ప్రసార నష్టాలు, గ్రిడ్ నిర్వహణ సేవలు, సామర్థ్య రుసుము, పునరుత్పాదక విద్యుత్తుకు సంబంధించి చట్టం విధించిన భారం లాంటివి ఇమిడి ఉంటాయి. వీటన్నిటినీ స్థిర ధరలో కలిపితే అది నిజంగా స్థిరం. వీటిలో ఒకటో రెండో బయట ఉంచి, "వాస్తవ ఖర్చు ప్రకారం బదిలీ" అని రాసుకున్నా కాగితం మీద పేరు మాత్రం స్థిర ధర ఒప్పందమే. రెండు కొటేషన్ల మధ్య అర సెంటు (సెంటు అంటే డాలరులో నూరో వంతు) తేడా కనిపిస్తే, సాధారణంగా ఆ తేడా ఈ బయట ఉంచిన భాగంలోనే దాగి ఉంటుంది.

సామర్థ్య రుసుమునే తీసుకుందాం. అమెరికా తూర్పు ప్రాంతంలో 13 రాష్ట్రాల్లోని ప్రాంతాలకు, వాషింగ్టన్ నగరానికి గ్రిడ్‌ను నడిపే సంస్థ పీజేఎం. ఎండలు మండే రోజున కూడా సరిపడా విద్యుత్ కేంద్రాలు సిద్ధంగా ఉండాలని అది ముందుగానే వేలం నిర్వహించి, సిద్ధంగా ఉంటామన్న కేంద్రాలకు డబ్బు చెల్లిస్తుంది. ఆ డబ్బు సరఫరాదారుల ద్వారా వినియోగదారుల నుంచే వస్తుంది. ఎవరి వాటా ఎంత అన్నది, గడిచిన వేసవిలో గ్రిడ్ మీద భారం అత్యధికంగా ఉన్న 5 రోజుల్లో, ఆ ఒక్కో రోజు శిఖర గంటలో సదరు మీటరు ఎంత తీసుకుందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఏడాదిలోని 8,760 గంటల్లో 5 గంటలు తర్వాతి ఏడాది ఖర్చును నిర్ణయిస్తాయి.

పీజేఎం పరిధిలోని చాలా భాగానికి 2024-25 సంవత్సరపు వేలం ధర మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్లు. 2024 జూలైలో జరిగిన తర్వాతి వేలంలో, 2025-26కు అది 269.92 డాలర్లకు ఎగబాకింది, 2026-27కు 329.17 డాలర్లయింది. ఆ శిఖర గంటల్లో సగటున 200 కిలోవాట్లు తీసుకున్న ఒక సంస్థకు, ప్రాంతీయ సర్దుబాట్లు పక్కనపెట్టి లెక్కేస్తే, మొదటి ధర ప్రకారం ఏడాదికి సుమారు 2,100 డాలర్లు, రెండో ధర ప్రకారం 19,700 డాలర్లు, మూడో ధర ప్రకారం 24,000 డాలర్లు. సామర్థ్య రుసుమును కలుపుకున్న స్థిర ధరకు పాత రోజుల్లో సంతకం చేసిన సంస్థకు ఈ పెరుగుదల ఒప్పందం ముగిసేదాకా తగలదు. అర సెంటు తక్కువకు ఆశపడి, రుసుమును బయట ఉంచిన ఒప్పందం తీసుకున్న సంస్థకు మొదటి నెలలోనే తగులుతుంది. ఇందులో మోసం లేదు. ఇద్దరూ ఏది కొన్నారో కాగితంలో రాసే ఉంది. రెండో దారిలో లాభమూ లేకపోలేదు. ఆ శిఖర గంటలను ముందుగా పసిగట్టి ఆ వేళకు యంత్రాలను ఆపగలిగే సంస్థకు, తన వాటా తగ్గించుకున్న ఫలితం తనకే దక్కాలంటే రుసుమును బయట ఉంచుకోవడమే మేలు. టెక్సస్‌లో ఇదే సూత్రం ప్రసార చార్జీలకు వర్తిస్తుంది: పెద్ద వినియోగదారులకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకొకటి చొప్పున 4 శిఖర సమయాల్లోని డిమాండ్ మీద ఆ చార్జీ లెక్కకడతారు.

అందువల్ల కొటేషన్ అడిగేటప్పుడే ఏయే భాగాలు కలిపి ఉండాలో సరఫరాదారులందరికీ ఒకే పట్టిక రాసి పంపి, దానికి తగ్గట్టే ధర చెప్పమనాలి. ఒకరు కలిపి, మరొకరు విడగొట్టి చెప్పిన ధరలను పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

చిన్న అక్షరాల్లో ఉండే షరతులు

ఇందాక చెబుతానన్న షరతు ఇది. సరఫరాదారు మన అంచనా వాడకం ప్రకారం ముందుగానే విద్యుత్తు కొని ఉంచుకుంటాడు. మనం అంతకంటే బాగా తక్కువ వాడితే, మిగిలినదాన్ని ఆనాటి మార్కెట్ ధరకు అమ్ముకోవాలి. ఆ నష్టాన్ని మన మీద వేసే షరతునే వాడకం పరిమితి అంటారు; అంచనాకు పది శాతం అటూ ఇటూ అని కొన్నిట్లో, పాతిక శాతం అని మరికొన్నిట్లో ఉంటుంది, అసలు పరిమితే లేని ఒప్పందాలూ ఉన్నాయి. నెలకు 80,000 యూనిట్లు, యూనిట్ 8 సెంట్లు, పరిమితి పది శాతం అనుకుందాం. అంటే కనీసం 72,000 వాడాలి. ఒక నెల 50,000 మాత్రమే వాడాం, ఆ నెల మార్కెట్ ధర 5 సెంట్లు. తక్కువైన 22,000 యూనిట్ల మీద యూనిట్‌కు 3 సెంట్ల చొప్పున 660 డాలర్లు అదనంగా కట్టాలి, వాడని కరెంటుకు. 2020లో లాక్‌డౌన్ల వల్ల వ్యాపారాలు మూతపడినప్పుడు వాడకం, మార్కెట్ ధర రెండూ కలిసి పడిపోయాయి. ఈ షరతు సరిగ్గా అలాంటి రోజునే కరుస్తుంది. వాడకం ఏటా ఒకే తీరున ఉండే సంస్థ పది శాతానికి ఒప్పుకుని ధరలో కొంత తగ్గింపు అడగవచ్చు. శాఖలు తెరుస్తూ మూస్తూ ఉండేవారు, సౌర ఫలకాల ఆలోచన ఉన్నవారు పరిమితి లేని ఒప్పందానికే కాస్త ఎక్కువ ఇచ్చుకోవడం మంచిది.

చట్టం మారితే ధర మార్చే హక్కు సరఫరాదారుకు ఉండే షరతు దాదాపు అన్ని ఒప్పందాల్లోనూ ఉంటుంది. దాన్ని తీసేయమంటే తీసేయరు. కాని "చట్టం లేదా మార్కెట్ పరిస్థితులు" అని రాసి ఉంటే ఆ రెండో మాటను కొట్టేయించాలి, లేకపోతే స్థిర ధరకు అర్థం ఉండదు. మధ్యలో వదులుకుంటే కట్టాల్సిన మొత్తం ఎంతో, స్థలం ఖాళీ చేసినా అది పడుతుందా లేదా అన్నది అద్దె భవనంలో ఉన్నవారు తప్పక చూసుకోవాలి. అద్దె గడువు రెండేళ్లయితే విద్యుత్ ఒప్పందం మూడేళ్లు చేసుకోవడంలో అర్థం లేదు. డిపాజిట్ ఎప్పుడు, ఎంత అడగవచ్చన్నదీ ఇందులోనే ఉంటుంది.

వీటన్నిటికంటే ఖరీదైనది గడువు ముగిసిన మర్నాడు ఏమవుతుందన్న షరతు. కరెంటు ఆగదు, బిల్లు మాత్రం ఒప్పందం లేనివారికి వేసే ధరకు మారిపోతుంది, అది సాధారణంగా బాగా ఎక్కువ. లేదా ముందుగా నోటీసు ఇవ్వలేదన్న కారణంతో అదే సరఫరాదారు దగ్గర ఒప్పందం మళ్లీ మొదలవుతుంది. చర్చలు జరిపి, మూడేళ్లకు మంచి ధర సాధించి, గడువు తేదీ రాసుకోవడం మరిచి, సాధించినదంతా ఆరు నెలల్లో పోగొట్టుకోవడం ఈ రంగంలో అతి మామూలు కథ.

అమ్మేవాడి ఆరోగ్యం

స్థిర ధర అనేది ఒక మాట. ఆ మాట నిలబెట్టుకోవాలంటే సరఫరాదారు మనకు అమ్మిన రోజునే, రాబోయే నెలల కరెంటును ముందే ధర ఖాయం చేసి అమ్మే ముందస్తు మార్కెట్లో కొని ఉంచుకోవాలి. కొనకుండా, ధరలు తగ్గుతాయన్న ఆశతో తక్కువ ధరలు చెప్పినవారి గతి బ్రిటన్‌లో 2021లో తేలింది. ఆ శరదృతువులో గ్యాస్ ధరలు ఎగబాకడంతో కొద్ది నెలల్లోనే పాతికకు పైగా సరఫరాదారులు మూతపడ్డారు. 15 లక్షలకు పైగా వినియోగదారులున్న బల్బ్ సంస్థను ఆ నవంబరులో ప్రత్యేక పాలన కిందికి తీసుకోవలసి వచ్చింది. మూతపడ్డ సంస్థల వినియోగదారులను నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఇతర సరఫరాదారులకు అప్పగించింది. ఎవరికీ దీపం ఆరలేదు గాని, పాత స్థిర ధర మాత్రం ఆ సంస్థతోపాటే పోయింది. గృహాలకు 2019 నుంచి ధరల పరిమితి రక్షణగా ఉంది. వ్యాపారాలకు అది వర్తించదు. 2022 అక్టోబరు నుంచి ఆరు నెలలపాటు ప్రభుత్వం ప్రత్యేక సాయం ప్రకటిస్తే తప్ప వ్యాపారాలు ఊపిరి తీసుకోలేదు.

కాబట్టి అందరికంటే బాగా తక్కువ ధర కనిపించినప్పుడు సంతోషం కంటే ముందు అనుమానం రావాలి. లైసెన్సు ఉందా, ఎన్నేళ్లుగా ఉన్నారు, మాతృసంస్థ ఎవరు, ఆర్థిక నివేదికలు ఏమంటున్నాయి, మీ కోసం ఎప్పుడు కొంటారు అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. సరఫరాదారు మన పరపతి చూసి డిపాజిట్ అడుగుతాడు. మనం అతని పరపతి చూడటం కూడా అంతే సహజం.

మధ్యవర్తి ఎవరి మనిషి

మధ్యస్థాయి సంస్థలు ఎక్కువగా బ్రోకర్ల ద్వారానే కొంటాయి, అందులో తప్పు లేదు. పది మంది దగ్గర ధరలు తెప్పించి, షరతులు పోల్చి చూపే మంచి బ్రోకరు తన కమీషన్‌కు మించి పొదుపు చేసి పెట్టగలడు. చిక్కల్లా ఆ కమీషన్ యూనిట్ ధరలోనే కలిసి ఉండటం. సేవ ఉచితం అనిపిస్తుంది, ఎందుకంటే బిల్లులో ఆ వరుస ఎక్కడా కనిపించదు. ఏడాదికి 10 లక్షల యూనిట్లు వాడే సంస్థ మూడేళ్ల ఒప్పందం మీద యూనిట్‌కు ఒక్క సెంటు కమీషన్ అంటే 30,000 డాలర్లు. ఇంకో విశేషం, గడువు ఎంత పొడవైతే బ్రోకరుకు అంత ఎక్కువ వస్తుంది. అయిదేళ్ల ఒప్పందమే మీకు మేలని అతను అంటున్నప్పుడు ఈ లెక్క మనసులో ఉండాలి. అతి చిన్న వ్యాపారాలకు ఈ కమీషన్ ఎంతో ఒప్పందంలో స్పష్టంగా చూపాలని 2022 అక్టోబరు నుంచి బ్రిటన్‌లో నిబంధన పెట్టారు. అలాంటి నిబంధన లేని చోట మనమే రాతపూర్వకంగా అడగాలి, ఎంతమంది సరఫరాదారులను సంప్రదించాడో కూడా. జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే మరొకరిని చూసుకోవడమే.

ఎప్పుడు కొనాలి

ఒక మార్కెట్లో ఆ గంటకు అవసరమైన ఆఖరి, అత్యంత ఖరీదైన విద్యుత్ కేంద్రానికి ఎంత ఖర్చవుతుందో అదే అందరికీ టోకు ధర అవుతుంది. చాలా ప్రాంతాల్లో ఆ ఆఖరి కేంద్రం గ్యాస్‌తో నడిచేది. అందుకే గాలి మరలు, అణు కేంద్రాలు ఎన్ని ఉన్నా, గ్యాస్ ధర కదిలితే కరెంటు ధర కదులుతుంది. రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తిన 2022లో యూరప్ మొత్తం ఈ పాఠం నేర్చుకుంది. ఆ ఆగస్టులో ధరలు శిఖరానికి చేరినప్పుడు, ఇంకా పెరుగుతాయేమోనన్న భయంతో దీర్ఘకాలిక స్థిర ధరకు సంతకాలు చేసిన సంస్థలు, 2023లో మార్కెట్ దిగివచ్చాక కూడా ఆ ధరే కడుతూ కూర్చున్నాయి.

మార్కెట్ అడుగును సరిగ్గా పట్టుకోవడం నిపుణులకే చేతకాదు. దుకాణమో కర్మాగారమో నడుపుకునేవారు ఆ పందెం కాయనక్కర్లేదు. చేయదగినది, గడువు ముగియడానికి చాలా ముందే, తొమ్మిది నెలలో ఏడాదో ముందు నుంచే ధరలు గమనించడం మొదలుపెట్టడం. ఆఖరి నెలలో వచ్చేవాడికి ఆనాటి ధరే గతి. వాడకం పెద్దదైతే, మొత్తం ఒకేరోజు కొనకుండా నాలుగైదు విడతలుగా కొనే ఒప్పందాలు దొరుకుతాయి. అత్యంత చవక ధర దక్కకపోయినా అత్యంత ఖరీదైన రోజున మొత్తం కొన్న పరిస్థితి రాదు. ఒక చిన్న సాంకేతికాంశం కూడా ఉంది: టోకు ధర రోజూ మారుతుంది కాబట్టి కొటేషన్లు కొన్ని గంటలు, మహా అయితే ఒకట్రెండు రోజులే చెల్లుతాయి. సోమవారం ఒకరివి, గురువారం ఒకరివి తెప్పించి పోల్చితే సరఫరాదారుల తేడా తెలియదు, మార్కెట్ తేడా తెలుస్తుంది. అందరి దగ్గరా ఒకే ఉదయం తెప్పించి, సంతకం చేసే అధికారం ఉన్నవారు ఆ మధ్యాహ్నం అందుబాటులో ఉండేలా ముందే చూసుకోవాలి.

పచ్చ కరెంటు గురించి రెండు మాటలు. "నూరు శాతం పునరుత్పాదకం" అని రాసి ఉన్నంత మాత్రాన ఆ తీగలో వేరే విద్యుత్తు రాదు. ఎక్కడో ఉత్పత్తైన పునరుత్పాదక విద్యుత్తుకు ఇచ్చిన ధ్రువపత్రాలను మన వాడకానికి సరిపడా కొని, మళ్లీ ఎవరూ వాడుకోకుండా రద్దు చేస్తారు. యూరప్‌లో ఒక పేరుతో, అమెరికాలో మరో పేరుతో ఇవి నడుస్తాయి. కర్బన ఉద్గారాల లెక్కల్లో చూపుకోవడానికి ఇవి చెల్లుతాయి, అవి సాధారణంగా చవక కూడా. తన డబ్బుతో కొత్త కేంద్రం రావాలని కోరుకునే సంస్థ మాత్రం ఉత్పత్తిదారుతో నేరుగా పది, పదిహేనేళ్ల కొనుగోలు ఒప్పందం చేసుకోవాలి. అది ఇంకో పెద్ద విషయం.

సంతకమయ్యాక సరఫరాదారు మారే రోజున మీటరు అంకెను ఫొటో తీసి ఉంచుకోవాలి. పాత, కొత్త సంస్థల మధ్య ముగింపు రీడింగు మీద తగవు వస్తే అదే ఆధారం. మొదటి బిల్లు రాగానే మీటరు సంఖ్య, యూనిట్ ధర, ప్రారంభ తేదీ, పన్ను మినహాయింపు ఉంటే అది, ఒప్పందంతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. పాత సరఫరాదారు దగ్గర నమోదైన మినహాయింపు పత్రం కొత్తవారికి దానంతటదే వెళ్లదు, మళ్లీ సమర్పించాలి. ఆ బిల్లు పక్కనే నోటీసు ఇవ్వాల్సిన ఆఖరి తేదీని, దానికి మూడు నెలల ముందు ఒకటి, ఏడాది ముందు ఒకటి చొప్పున క్యాలెండరులో రాసుకోవాలి. ఆ రాసుకునేది ఒక్కరి ఫోనులో కాకుండా ఆ కుర్చీలో రేపు ఎవరు కూర్చున్నా కనిపించే చోట ఉండాలి, ఎందుకంటే మూడేళ్లలో సంతకం చేసిన మనిషి ఉద్యోగం మారిపోయి ఉండవచ్చు.